దసరాకు పిల్లల చేతికి ఏ ఫోమ్ తుపాకి? మా తల్లిగారింటి వాకిట్లో తేలిన లెక్క

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందే మా తల్లిగారింట్లో పిల్లలు ఏడుగురవుతారు. నల్లగొండ నుంచి నా ఇద్దరు, పాలమూరు నుంచి అక్క పిల్లలు ఇద్దరు, మిర్యాలగూడ నుంచి చెల్లె కొడుకు, ఇంటి దగ్గరే ఉండే తమ్ముడి పిల్లలు ఇద్దరు. అందరికన్నా పెద్దోడికి 14 ఏళ్లు, చిన్నదానికి 4. సెలవులకు ఆటవస్తువులు కొనే బాధ్యత మూడేళ్లుగా నాదే. మూడేళ్లూ వాళ్లు అడిగింది ఒక్కటే, ఫోమ్ బుల్లెట్ల తుపాకి. యూట్యూబ్‌లో చూసి ‘నెర్ఫ్ గన్’ అంటారు. ఏ కంపెనీది తెచ్చినా వాళ్ల నోట్లో అదే పేరు.

మొదటి ఏడాది పెద్దోడికని రెండున్నర వేలు దాటిన మోటారు తుపాకి ఒక్కటే కొన్నాను. మిగతా ఆరుగురికి రంగు పెన్సిళ్లు, బంతులు. మధ్యాహ్నానికి వాడొక్కడే కాలుస్తున్నాడు, చేతిలో ఏమీ లేనోళ్లు వాడికి గురి అయ్యారు. సాయంత్రానికి ఏడుపులు, అలకలు. రెండో ఏడాది ఆ తప్పు దిద్దుకుందామని ఏడుగురికీ ఏడు తెచ్చాం. నల్లగొండ ప్రకాశం బజార్‌లో రెండు, ఆన్‌లైన్‌లో నాలుగు, కిందటి కార్తీకంలో కురుమూర్తి జాతరలో అక్క కొని దాచిపెట్టినది ఒకటి. తీరా చూస్తే బుల్లెట్లు మూడు కొలతలు. లావువి సన్న గొట్టంలో ఇరుక్కున్నాయి. ఎనిమిదేళ్లోడు చీపురు పుల్లతో పొడిచాడు, పుల్ల లోపలే విరిగింది. పూట గడవకముందే మూడు తుపాకులు మూలపడ్డాయి. మూడో ఏడాది కొనే పద్ధతే మార్చాను. పది రోజులూ ఆట సాగింది, ఏడుగురూ ఆడారు, ఖర్చు కూడా తగ్గింది. ఇప్పుడు దసరాకో దీపావళికో కొనబోయేవాళ్లకు ఆ పద్ధతి చెబుతాను.

ముందు బుల్లెట్ చూడండి, తుపాకి తర్వాత

దుకాణంలో పిల్లల కళ్లు తుపాకి మీద ఉంటాయి. మన కళ్లు బుల్లెట్ మీద ఉండాలి. తుపాకి ఒక్కసారే కొంటాం, బుల్లెట్లు మాత్రం కొంటూనే ఉంటాం. పల్లెటూరి ఇంట్లో అవి పోయే దారులు చాలా ఉన్నాయి. పక్కింటి రేకుల మీద పడతాయి, మోరిలో పడతాయి, తంగేడు పొదల్లో పడితే ఇక దొరకవు. మా లెక్కలో 30 బుల్లెట్లతో మొదలుపెడితే వారానికి 18 మిగిలాయి. అప్పుడు అదే కొలత బుల్లెట్లు మళ్లీ దొరక్కపోతే తుపాకి ఎంత మంచిదైనా అటక మీదికే పోతుంది.

ఎక్కువగా దొరికే కొలత ఎలైట్ రకానిది. అర అంగుళం లావు, అంటే 12.7 మిల్లీమీటర్లు. పొడవు 7 సెంటీమీటర్ల పైచిలుకు. నెర్ఫ్ కంపెనీ 2012లో ఎలైట్ పేరుతో ఈ బుల్లెట్లు తెచ్చింది, 2020లో వచ్చిన ఎలైట్ 2.0 తుపాకులూ వీటితోనే పని చేస్తాయి. జురు కంపెనీ ఎక్స్-షాట్ తుపాకుల బుల్లెట్లూ ఇదే లావు. పేరులేని రకాల్లో కూడా చాలావరకు ఇదే కొలత. అందుకే ఇంట్లో ఎన్ని తుపాకులున్నా అన్నీ ఈ కొలతవే ఉండాలన్నది నా మొదటి షరతు. ఒకరి బుల్లెట్ ఇంకొకరికి పనికొస్తే సగం కొట్లాటలు అక్కడే తీరిపోతాయి.

ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఒకటుంది. నెర్ఫ్ పేరుతో ఉన్నవన్నీ ఒకదానికొకటి సరిపోవు. మెగా అని ఉంటే బుల్లెట్ బాగా లావు. అల్ట్రాకు దాని బుల్లెట్లు వేరే. 2024లో వచ్చిన ఎన్ సిరీస్ తుపాకుల్లో పాత ఎలైట్ బుల్లెట్లు పనిచేయవు. రైవల్ అసలు బుల్లెట్లే కాదు, ఫోమ్ గోలీలు కొడుతుంది. దాని వేగం ఎక్కువ, డబ్బా మీదనే 14 ఏళ్లు దాటినవాళ్లకని రాసి ఉంటుంది. మేనమామ హైదరాబాద్ నుంచి ప్రేమగా ఒకటి, బాబాయి ఆన్‌లైన్‌లో ఇంకొకటి తెచ్చారనుకోండి, రెండూ నెర్ఫే అయినా పిల్లలు కలిసి ఆడుకోలేరు. కొనేముందు ఇంటివాళ్లకు ఫోన్ చేసి, ఇప్పటికే ఉన్న దాని పేరు అడగండి. లేదంటే ఒక బుల్లెట్ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి పంపమనండి.

ఈ నెర్ఫ్ అన్న పేరు మొదట తుపాకిది కాదు. అమెరికాలో పార్కర్ బ్రదర్స్ అనే కంపెనీ 1970 ప్రాంతంలో, ఇంట్లో విసిరినా సామాన్లు పగలని మెత్తటి బంతిని ఆ పేరుతో అమ్మింది. బుల్లెట్లు చాలా ఏళ్ల తర్వాత, 1990లలో వచ్చాయి. ఇప్పుడు ఆ పేరు హాస్‌బ్రో కంపెనీ చేతిలో ఉంది. ఈ ముచ్చట ఎందుకంటే, ఆ వస్తువు విలువంతా మెత్తదనంలో ఉంది. మెత్తదనం లేని నకలు ఎంత తక్కువకు దొరికినా మనకు పనికిరాదు.

వయసు కన్నా ముందు చేతి బలం

ఈ తుపాకుల్లో ఎక్కువవి స్ప్రింగువి. వెనక పిడినో పైన స్లైడునో లాగితే లోపలి స్ప్రింగు నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు విడిపోయి, సైకిల్ పంపులో ఉన్నట్టు ఒక ముషలకం ముందుకు దూకుతుంది. ఆ గాలికి బుల్లెట్ ఎగురుతుంది. అంటే ప్రతి దెబ్బకూ ఒకసారి బలంగా లాగాలి. పెద్దల చేతికి ఇది లెక్కలోకి రాదు, ఆరేళ్ల చేతికి చాలా కష్టం.

రెండో ఏడాది చెల్లె కొడుకు చేసింది చూశాక నాకు భయం పుట్టింది. వాడికి ఇప్పుడు ఆరేళ్లు. స్లైడు లాగడానికి బలం సాలక, తుపాకి వెనక భాగాన్ని పొట్టకు ఆనించి రెండు చేతులతో లాగుతున్నాడు. బుల్లెట్ లోపలే ఉంది, గొట్టం వాడి గదవ కిందికి చూస్తోంది. బలం చాలని పిల్లలందరూ దాదాపు ఇట్లనే చేస్తారని తర్వాత గమనించాను. కాళ్ల నడుమ ఇరికించి లాగుతారు, గోడకు ఆనిస్తారు, మొన తమ వైపు తిప్పుకుంటారు. అందుకే డబ్బా మీద 8+ అని ఉంటే అది కేవలం తెలివికి సంబంధించిన అంకె అనుకోకండి. పిల్లలను దుకాణానికి వెంట తీసుకెళ్లి, ఖాళీ తుపాకిని పదిసార్లు లాగించి చూడండి. పదోసారి కూడా నిలబడి, మొన ముందుకే పెట్టి లాగగలిగితే ఆ తుపాకి వాళ్లకు సరిపోతుంది. మా ఎనిమిదేళ్లోడు ఆ పరీక్షలో ఆరోసారికే ఆగిపోయాడు. తొమ్మిదేళ్ల మేనకోడలు పదీ లాగింది.

ఆ మేనకోడలి సంగతి ఒకటి చెప్పాలి. నేను బిల్లు కట్టేటప్పుడు దుకాణదారు ‘ఆడపిల్లకు ఇదెందుకమ్మా, బొమ్మ తీసుకోండి’ అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ మా ఇంట్లో పది అడుగుల దూరంలో వరసగా పేర్చిన కాగితం గ్లాసుల్లో ఎక్కువ పడగొట్టేది ఆ పిల్లే. ఊపిరి బిగబట్టి, తొందరపడకుండా కొడుతుంది. ఆడపిల్లలని పక్కకు పెట్టి కొనకండి. అడిగితే ఇవ్వండి.

ఒక్కో రకం గురించి

ఒక్క బుల్లెట్ తుపాకి అన్నిటికన్నా చిన్నది. నెర్ఫ్‌లో జోల్ట్, ఎలైట్ 2.0 ఏస్ ఎస్‌డీ-1 ఈ రకం. నేను చూసినప్పుడు ఐదారు వందల లోపే ఉన్నాయి. ఒక బుల్లెట్ పెట్టాలి, లాగాలి, కొట్టాలి, మళ్లీ ఏరుకురావాలి. పెద్దలకు ఇది చాలీచాలని వస్తువులా కనిపిస్తుంది. నాకు మాత్రం మొదటి తుపాకిగా ఇదే సరైనదనిపించింది. ప్రతి దెబ్బకూ ఒక విరామం ఉంటుంది కాబట్టి పిల్లలు గురి చూస్తారు, నడుస్తారు, వంగుతారు, ఏరుతారు. మా వాకిట్లో రోజూ సాయంత్రం ఎక్కువ సేపు నడిచిన ఆట ఈ చిన్నవాటితోనే. ఒక్క పెద్దది కొనే డబ్బుతో ఇవి మూడు నాలుగు వస్తాయి, మూడు నాలుగు ఉంటే ఇంటినిండా ఆట.

మూడు గొట్టాలది, అంటే ట్రియో ఎస్‌డీ-3 లాంటిది, దానికి ఒక మెట్టు పైన. మూడు బుల్లెట్లు ముందే పెట్టుకోవచ్చు. ఫరవాలేదు. కానీ అది కొనే డబ్బుకు ఇంకొంచెం కలిపితే తిరిగే డ్రమ్ముది వస్తుంది కాబట్టి నేను దాని దగ్గర ఆగలేదు.

తిరిగే డ్రమ్ము రకం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే 9 నుంచి 13 ఏళ్ల పిల్లలకు నేను ఇచ్చే సలహా ఇదే. డిస్రప్టర్, ఎలైట్ 2.0 కమాండర్ ఆర్‌డీ-6, రెండూ ఆరేసి బుల్లెట్లు పట్టేవే. స్లైడు వెనక్కి లాగిన ప్రతిసారీ డ్రమ్ము ఒక గడి తిరుగుతుంది. బుల్లెట్లు ముందువైపు నుంచి కళ్లకు కనబడేటట్టు పెట్టుకోవాలి. ఈ ‘కనబడటం’ చాలా పెద్ద మేలు. ఏ గడిలో బుల్లెట్ ఉంది, ఏది ఖాళీ, ఏది నలిగి వంకరపోయింది, పిల్లలకే తెలుస్తుంది. ఇరుక్కుంటే వేళ్లతో పట్టి లాగొచ్చు, పుల్లలతో పొడిచే అవసరం రాదు. మోటారు లేదు, సెల్లులు లేవు. కరెంటు పోయినా, సెల్లులు దొరకని ఊళ్లో ఉన్నా ఆట ఆగదు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని స్లైడు గబగబా ఆడిస్తే ఆరూ వరసగా పోతాయి. ఆ సంగతి మీరు చెప్పకపోయినా అరగంటలో వాళ్లే కనుక్కుంటారు.

ఈ రెండిటిలో ఏది? డబ్బాలో డిస్రప్టర్‌కు 6 బుల్లెట్లు వస్తాయి, కమాండర్‌కు 12. నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ అసలైన బుల్లెట్ల ప్యాకెట్లు విడిగా దొరకాలంటే నాలుగు దుకాణాలు తిరగాలి, అందుకని నేను కమాండర్ వైపు మొగ్గాను. మాకు రెండూ వెయ్యి, పదిహేను వందల నడుమనే దొరికాయి. పండుగ అమ్మకాలప్పుడు ఆన్‌లైన్‌లో తగ్గుతాయి, కానీ పల్లెకు చేరడానికి వారం పట్టొచ్చు. ఎంగిలిపూల బతుకమ్మకన్నా ముందే ఆర్డరు పెట్టండి.

దూరం విషయంలో డబ్బా మీది అంకె చూసి ఆశపడకండి. ఎలైట్ డబ్బాల మీద 27 మీటర్లు అని రాస్తారు. మొన ఆకాశం వైపు ఎత్తి కొడితే దూరం పోతుంది నిజమే, కానీ గురికి పనికిరాదు. మా డాబా మీద నేరుగా కొడితే ఎనిమిది పది అడుగుల దాకా అనుకున్న చోట తగిలింది. ఆ తర్వాత పక్కకు పోయింది, కిందికి వాలింది. గాలి ఉంటే ఇంకా. పిల్లల ఆటకు ఆ ఎనిమిది అడుగులు సరిపోతాయి.

క్లిప్పు రకం, ఎకో సీఎస్-10 లాంటివి, చూడ్డానికి గంభీరంగా ఉంటాయి. పది బుల్లెట్లు ఒక క్లిప్పులో పేర్చి కింద నుంచి పెట్టాలి. పన్నెండు దాటినవాళ్లు దీన్ని బాగా వాడుతారు. చిన్నవాళ్లు క్లిప్పులో ఒక బుల్లెట్ వంకరగా పెడితే అది లోపల మడతపడుతుంది. ఎలైట్ 2.0 రకాల్లో ఇరుక్కున్నది తీయడానికి పాతవాటిలో ఉన్నట్టు చిన్న తలుపు ఉండదు. నలుగురు పెద్దలు చుట్టూ కూర్చుని బాగుచేసే పని అవుతుంది.

మోటారు రకంలో, ఫీనిక్స్ సీఎస్-6 లాంటివాటిలో, స్ప్రింగు ఉండదు. లోపల రెండు చక్రాలు ఎదురెదురుగా తిరుగుతూ బుల్లెట్‌ను నడుమ పట్టి విసిరేస్తాయి. ముందు ఒక మీట నొక్కి చక్రాలు తిరగనివ్వాలి, తర్వాత ట్రిగ్గర్. లాగే శ్రమ లేదు. కానీ పెన్సిల్ సెల్లులు ఒకటో రెండో కాదు, నాలుగు కావాలి. చవక సెల్లులు వేస్తే ఒక పూటకే చక్రాల జోరు తగ్గి బుల్లెట్లు కాళ్ల ముందు పడతాయి. దుమ్ము పట్టిన, అంచులు చిరిగిన బుల్లెట్లు వేస్తే చక్రాల మధ్య ఫోమ్ ముక్కలు చేరతాయి. పైగా ఆ గుర్రుమనే చప్పుడు. మధ్యాహ్నం నాయిన పడుకునే వేళకు అది సరిగ్గా మొదలయ్యేది. మా ఇంటికి మోటారుది అవసరం లేదని తేల్చుకున్నాను. అయితే ఒక మాట. చేతుల్లో బలం తక్కువున్న పిల్లలకు, ఒక చెయ్యి సరిగా ఆడని పిల్లలకు మోటారుదే సరైనది. స్ప్రింగుది లాగలేక ఆటకు దూరంగా కూర్చునే పిల్ల మీ ఇంట్లో ఉంటే, సెల్లుల ఖర్చుకు వెనకాడకుండా ఇదే కొనండి.

నాలుగేళ్ల చిన్నదానికి తుపాకి వద్దు. దానికి నేను కాలితో తొక్కితే గాలికి ఎగిరే ఫోమ్ రాకెట్ తెచ్చాను. ఒక రబ్బరు బుడ్డ, పొడవాటి గొట్టం, దాని మీద మెత్తటి రాకెట్. బుడ్డ మీద దూకితే రాకెట్ మిద్దె ఎత్తుకు లేస్తుంది. రెండో రోజుకు పెద్దపిల్లలంతా తుపాకులు పక్కన పెట్టి దాని ముందు వరస కట్టారు. తుపాకి బొమ్మే వద్దనుకునే ఇళ్లకు కూడా ఇది చక్కటి దారి.

అట్లా వద్దనుకునేవాళ్లను నేను తప్పుపట్టను. మా అవ్వకు తుపాకి అన్న మాటే గిట్టేది కాదు. 1946 నుంచి 1951 దాకా మా నల్లగొండ పల్లెల్లో నడిచిన సాయుధ పోరాటం ఆమె చిన్నతనం. రజాకార్లు, మిలిటరీ, రాత్రుళ్లు చేన్లల్లో దాక్కోవడం, అన్నీ ఆమెకు గుర్తుండేవి. ‘మనిషి మీదికి సూపియ్యొద్దు బిడ్డా, ఆటకైనా సరే’ అనేది. ఆమె పోయాక కూడా ఆ మాట మా వాకిట్లో నియమంగా ఉంది. ముందు గ్లాసులు, సీసాలు, గోడ మీద సుద్దతో గీసిన గుండ్రాలు. పెద్దపిల్లలు ఇద్దరూ ఒప్పుకుంటేనే ఒకరి మీద ఒకరు, అదీ మెడ కిందికే.

చవకవి, జాతరవి, అసలు ముట్టొద్దనివి

రెండు వందలకు దొరికే రకాలన్నీ చెడ్డవి కావు. మన దేశంలోనే తయారై ఐఎస్ఐ గుర్తున్నవి కొన్ని మేం వాడాం, బాగున్నాయి. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి. సెల్లులు లేని బొమ్మలకు ఐఎస్ 9873, సెల్లులూ కరెంటూ ఉన్నవాటికి ఐఎస్ 15644 అని గుర్తు పైన ఉంటుంది, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఆ నంబరును ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరికిచ్చిన లైసెన్సో చూపిస్తుంది. దుకాణంలో నిలబడే చూడొచ్చు, నిమిషం పని. విదేశీ బొమ్మలు ఇంత ప్రియం ఎందుకంటే, దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. అంత తేడా ఉన్నప్పుడు గుర్తున్న దేశీ రకం వెతకడం తెలివైన పనే.

చవక రకంలో చూడాల్సింది బుల్లెట్ మొన. గోటితో పట్టి గట్టిగా లాగండి. ఊడొస్తే ఆ ప్యాకెట్ కొనకండి. ఊడిన రబ్బరు మొన పసిపిల్లల గొంతులో అడ్డం పడేంత కొలతలో ఉంటుంది. మొనను బొటనవేలితో నొక్కి చూడండి, మెత్తగా లోపలికి పోవాలి. గట్టి ప్లాస్టిక్‌లా తగిలితే వద్దు. గోడకు అతుక్కునే గిన్నె మొనల బుల్లెట్లు పిల్లలకు భలే ఇష్టం. కానీ ఆ మొన బరువు, తగిలితే నొప్పి. ఉమ్మితో తడిపి అద్దానికి కొట్టే ఆటకు తప్ప వాటిని నేను అనుమతించను.

అక్క జాతరలో కొని దాచిపెట్టిన పిస్తోలు గురించి ఇప్పుడు చెబుతాను. నల్లటి ప్లాస్టిక్, పసుపుపచ్చ గోలీలు, బఠానీ గింజకన్నా చిన్నవి. గుర్తు లేదు, పేరు లేదు. అక్క పెద్దకొడుకు మేకపిల్ల వైపు కొట్టిన గోలీ పర్శి బండకు తగిలి ఎగిరి, నా చిన్నోడి కనురెప్ప మీద తగిలింది. రెప్ప మూసి ఉంది కాబట్టి వాపుతో పోయింది. కంటి డాక్టరు ‘ఒక్క రవ్వ పక్కకు తగిలితే వేరే మాట మాట్లాడేవాళ్లం’ అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. గట్టి గోలీల పిస్తోలు ఏ వయసు పిల్లలకూ కొనకండి. కురుమూర్తి అయినా, చెర్వుగట్టు అయినా, పెద్దగట్టు అయినా, ఏ జాతరలోనైనా, పిల్లలు కింద పడి దొర్లినా సరే.

నీళ్లలో నానబెట్టిన రంగు జెల్లీ గోలీలు కొట్టే తుపాకులు ఈ మధ్య కనిపిస్తున్నాయి. మెత్తగానే ఉంటాయి. అయితే నానకముందు అవి ఆవగింజంత, నానాక ఎన్నో రెట్లవుతాయి. పసిపిల్ల ఒకటి మింగితే కడుపులో ఉబ్బి పేగుకు అడ్డం పడొచ్చు, ఆపరేషన్ దాకా పోయిన కేసులున్నాయి. నాలుగేళ్ల పిల్ల తిరిగే ఇంట్లోకి వాటిని రానివ్వను. ఇక పైపుతో, కార్బైడ్ రాయితో పేల్చే గన్నులు బొమ్మలే కావు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో వాటి వల్ల ఎంతోమంది పిల్లలకు కళ్లు దెబ్బతిన్నాయి. వీడియో చూసి ఇంట్లో తయారు చేస్తామని మీ పిల్లలు అంటే అక్కడికక్కడే ఆపండి.

కన్ను

మెత్తటి ఫోమే కదా అని వదిలేయకూడదు. 2017లో లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి వైద్యులు నెర్ఫ్ బుల్లెట్ కంటికి తగిలిన ముగ్గురి గురించి వైద్య పత్రికలో రాశారు. ఇద్దరు పెద్దవాళ్లు, ఒకరు 11 ఏళ్ల పిల్లవాడు. ముగ్గురికీ కంటి ముందుభాగంలో రక్తం చేరింది. తర్వాత కోలుకున్నారు. దగ్గర నుంచి తగిలితే మెత్తటిది కూడా కంటికి దెబ్బే.

అందుకని ప్రతి తుపాకితో పాటు ఒక జత కళ్లద్దాలు కొంటాను. హార్డ్‌వేర్ దుకాణాల్లో గ్రైండింగ్ పనివాళ్లు పెట్టుకునే తెల్లటి ప్లాస్టిక్ అద్దాలు వందలోపు దొరుకుతాయి. వెనక ఎలాస్టిక్ తాడున్నవి తీసుకుంటే పిల్లల తలకు బిగుతుగా నిలుస్తాయి. అద్దాలు లేనోళ్లకు ఆ పూట తుపాకి లేదు. మొదట్లో మొరాయించారు, ఇప్పుడు అద్దాలు పెట్టుకుంటే పైలట్ లెక్క ఉన్నామని వాళ్లే వెతుక్కుంటున్నారు.

పొరపాటున కంటికి తగిలితే రుద్దనివ్వొద్దు. మా వైపు అలవాటు ప్రకారం చనుబాలో, ఆముదమో, తేనెనో చుక్క వేయొద్దు. చూపు మసకగా ఉన్నా, నొప్పి తగ్గకపోయినా, నల్లగుడ్డు మీద ఎర్రగా కనిపించినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పొద్దున చూద్దామనొద్దు.

వాకిట్లో మేం పెట్టుకున్న మిగతా నియమాలు కొన్నే. బతుకమ్మ పేర్చే అర్రలోకి తుపాకి పోదు. తంగేడు, గునుగు పూలు పోసుకుని ఆడోళ్లు కూర్చునే చోట ఆట లేదు. కొట్టం వైపు కొట్టొద్దు. దూడ ఒక బుల్లెట్ నమిలింది, మేం నోట్లోంచి గుంజేసరికి సగం లోపలికి పోయింది. అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు గానీ, మేకలూ దూడలూ ఫోమ్‌ను మేతలా నములుతాయని అప్పుడే తెలిసింది. అందుకే పొద్దుగూకేటప్పుడు బుల్లెట్లు లెక్కపెట్టి డబ్బాలో వేయడం ఆటలో భాగమైంది. అసలు తుపాకి అనుకుంటారని దానికి నల్లరంగు పూయనివ్వను. పట్నం బస్సెక్కేటప్పుడు అది సంచి అడుగునే ఉండాలి.

బుల్లెట్లు బాగా ఉండాలంటే ఎండలో వదలొద్దు. మా పక్క ఎండకు ఫోమ్ బిరుసెక్కి పగుళ్లిస్తుంది. తుపాకిలో పెట్టి రాత్రంతా ఉంచినా, స్ప్రింగు లాగి అట్లే వదిలినా పట్టు తప్పుతుంది. తడిసినవి నీడన ఆరబెట్టాలి. నడుమ విరిగినదాన్ని టేపుతో అతికించి వాడితే గొట్టంలో ఇరుక్కుంటుంది, పారేయడమే.

ఈ దసరాకు నా లెక్క ఇదీ. 9 ఏళ్ల మేనకోడలికి, 11, 12 ఏళ్ల ఇద్దరికి ఆరు బుల్లెట్ల డ్రమ్ము తుపాకులు, పోయినేడువి బాగానే ఉన్నాయి కాబట్టి కొత్తగా ఒకటే. ఎనిమిదేళ్లోడికి ఒక్క బుల్లెట్ ఏస్. ఆరేళ్లోడికీ అదే, కానీ పక్కన పెద్దవాళ్లు కూర్చుని లాగి ఇస్తేనే. చిన్నదానికి రాకెట్‌కు కొత్త రబ్బరు బుడ్డ, పాతది చిరిగింది. 14 ఏళ్లోడికి ఈసారి తుపాకి వద్దట. వాడు స్కోరు రాస్తానన్నాడు, దానికొక నోటుబుక్కు కావాలన్నాడు. అందరికీ కలిపి ఎలైట్ కొలత బుల్లెట్లు 50, కళ్లద్దాలు రెండు జతలు అదనంగా. కాగితం గ్లాసులు మా ఊరి కిరాణంలోనే దొరుకుతాయి.